గాలి ఆగిందని గడప దాటకండి!

అక్కయ్యలూ, ఆశ్వయుజం దాటితే మన కోస్తాలో తుఫాను బెంగే. అటుకులు, బెల్లం బిగుతు మూత డబ్బాల్లో పోసుకుని బిందెలన్నీ ముందే నింపండి. కరెంటు పోతే మోటారు తిరగదు. పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి. పశువుల పలుపులు విప్పేయండి, పాపం. పెంకుటిల్లయితే ముందే షెల్టరుకి వెళ్ళిపోవాలి.

ఇవన్నీ మీకు తెలిసినవే. నాకు అప్పటిదాకా తెలియనిది ఒకటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటుతుంటే విశాఖ పక్కనే ఉన్న మా పల్లెలో మధ్యాహ్నం గాలి ఠక్కున ఆగింది. ‘హమ్మయ్య’ అంటూ అత్తయ్యగారు పెరట్లో పడ్డ రేకు తీయబోయారు. అది తుఫాను కన్నట! కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడింది. ఆవిడ గుమ్మం చేరేలోగా రేకు మోచేతిని కోసేసింది. ఏడు కుట్లు!

తుఫాను పూర్తిగా దాటిందని రేడియోలో చెప్పేదాకా తలుపు తీయకండి. మా ఇంట్లో ఇప్పుడు గడియ దగ్గర కాపలా ఆవిడే.