లెక్కలో లేనివారికి ఒడ్డు ఎక్కడ?

నవంబరు వచ్చిందంటే నెల్లూరు తీరానికి కంటిమీద కునుకుండదు. 1927లోనూ, 1984లోనూ, 1989లోనూ ఈ తీరాన్ని అతలాకుతలం చేసిన తుఫానులు ఆ నెలలో వచ్చినవే. 2004 డిసెంబరు 26న సునామీ ఏ హెచ్చరికా లేకుండా వచ్చి, మన రాష్ట్రంలో వందమందికి పైగా ప్రాణాలు బలిగొన్నది. ఆనాటి నుంచి నేటివరకు ఈ సముద్రపు ఒడ్డున నిలిచి అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆపదలో ఉన్న మనిషిని ఆదుకుంటామని ప్రతిజ్ఞ చేసిన అంతర్జాతీయ సంస్థలు నిజంగా ఆదుకుంటున్నాయా?

గాజా దృశ్యాలు చూసి గుండె మండినవారు "ఐక్యరాజ్యసమితి వల్ల ఏమీ కాదు" అని ఒక్కమాటలో తేల్చివేస్తున్నారు. ఆ ఆవేదన న్యాయమైనదే గాని, ఆ తీర్పు సరియైనది కాదు. సునామీ తరువాత యునెస్కో ఆధ్వర్యంలో హిందూ మహాసముద్ర దేశాలన్నీ కలిసి హెచ్చరిక వ్యవస్థను నిర్మించుకున్నాయి. అందులో భాగంగా 2007లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్రం నేడు పొరుగు దేశాలకు సైతం హెచ్చరికలు పంపుతున్నది. ప్రపంచ బ్యాంకు రుణంతో మన రాష్ట్ర తీరంలో తుఫాను రక్షిత భవనాలు లేచాయి. ప్రభుత్వం కోరి తలుపు తెరిచిన చోట ఈ సంస్థలు పనిచేశాయన్నది కాదనలేని సత్యం.

మరి ప్రభుత్వమే తలుపు మూసిన చోట? అదే బంగాళాఖాతపు ఆవలి ఒడ్డున 2008 మేలో నర్గీస్ తుఫాను లక్షమందికి పైగా ప్రాణాలు తీసింది. సహాయ సామగ్రితో వచ్చినవారిని మయన్మార్ సైనిక పాలకులు వారాల తరబడి గుమ్మం బయటే నిలిపారు. ప్రపంచం నచ్చజెప్పింది, బతిమాలింది, అంతకుమించి ఏమీ చేయలేకపోయింది. ఆ దేశపు మునుపటి పాలకులే 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను పుట్టిన గడ్డమీదే పరాయివారిని చేశారు. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ విషయంలో తమ వ్యవస్థ మొత్తంగా విఫలమైందని 2019లో ఐక్యరాజ్యసమితి స్వయంగా చేయించిన సమీక్షే తేల్చింది. మయన్మార్‌లో హింస ఆపాలని కోరే తీర్మానం భద్రతామండలిలో ఆమోదం పొందేసరికి 2022 డిసెంబరు వచ్చింది. ఆనాడు మండలికి అధ్యక్షత వహిస్తున్న భారతదేశం ఓటింగులో తటస్థంగా ఉండిపోయింది.

కారణం వెతకడానికి దూరం పోనవసరం లేదు. ఈ సంస్థలు ప్రజలు నిర్మించుకున్నవి కావు, ప్రభుత్వాలు నిర్మించుకున్నవి. ఐదు దేశాల చేతిలో వీటో ఉన్నది. గాజాలో కాల్పుల విరమణ కోరే తీర్మానాలను అమెరికా ఒక్క చేతితో పదేపదే అడ్డుకున్నది ఆ అధికారంతోనే. సహాయ సంస్థల ఖజానా సంపన్న దేశాల దయాదాక్షిణ్యాల మీద నడుస్తుంది. అవి ముఖం తిప్పుకొన్నందుకే 2023లో కాక్స్ బజార్ శిబిరాలలో మనిషికి నెలకు పన్నెండు డాలర్లున్న తిండి సాయం ఎనిమిదికి పడిపోయింది. ఏ రాజ్యమూ తనవాడని చెప్పని మనిషి తరఫున ఈ సభలలో చేయెత్తేవాడెవడు?

ఈ నియమం అక్కడెక్కడో అమలవుతున్నదని అనుకోవద్దు, మన తీరాన కూడా ఉన్నది. పెన్నా సముద్రంలో కలిసే చోటునుంచి పులికాట్ దాకా రొయ్యల గుంటల గట్లమీద కాపలా కాసే యానాది కుటుంబాలను చూడండి. తుఫాను సాయంగా వచ్చే బియ్యమైనా, నగదైనా రేషన్ కార్డు చూసే ఇస్తారు. ఆ కార్డే లేని యానాదుల ఇళ్లు ఎన్నో. పడవ పోతే పరిహారం పడవ యజమానికి వస్తుంది గాని, ఆ పడవమీద కూలికి పోయినవాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. లెక్కలో ఉన్నవారికే సాయం, లెక్కలో లేనివారికి సముద్రమే గతి. మండల కార్యాలయంలో నడిచే ఈ సూత్రమే న్యూయార్కులోనూ నడుస్తున్నది.

సునామీ వేళ మన ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సాయాన్ని కాదని, తన బిడ్డలను తానే చూసుకుంటానన్నది. అందులో ఆత్మగౌరవం ఉన్నది, కాదనను. కాని ఆత్మగౌరవం గల దేశం శరణు కోరి వచ్చినవాడి ముందు మరో భాష మాట్లాడుతుందా? 1951 శరణార్థుల ఒడంబడికపై భారత్ నేటికీ సంతకం చేయలేదు. అయినా 1995 నుంచి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్యనిర్వాహక సంఘంలో సభ్యత్వం మాత్రం ఉన్నది. హైదరాబాదు బాలాపూర్ గుడిసెలలోని రోహింగ్యా చేతిలో ఆ సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది, కాని ఆ కార్డు అతణ్ణి నిర్బంధం నుంచి కాపాడుతుందన్న భరోసా లేదు. 2025 మేలో సుమారు నలభైమంది రోహింగ్యాలను నౌకలో తీసుకుపోయి అండమాన్ సముద్రంలో దింపివేశారన్న వార్తలపై ఐక్యరాజ్యసమితి నిపుణుడు తీవ్ర ఆందోళన వెలిబుచ్చారు. ఆ కథనాన్ని మన సుప్రీంకోర్టు సందేహించింది. నిజమేదైనా, స్వతంత్ర విచారణ జరిపించడానికి ప్రభుత్వానికి అభ్యంతరమెందుకు ఉండాలి?

"దేశ భద్రత మాటేమిటి?" అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. భద్రత కోరేవారే ముందుగా శరణార్థుల చట్టం కోరాలి. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో విచారించి నమోదు చేసేది చట్టమే. నేరం చేసినవాణ్ణి శిక్షించండి, ఎవరూ అడ్డురారు. పసిబిడ్డను చంకనెత్తుకుని వచ్చిన తల్లిని మతం చూసి నేరస్థురాలిగా జమకట్టడం భద్రత అనిపించుకోదు.

చివరిగా మనవైపు కూడా ఒక మాట. మక్కాలో హింసకు గురైన తొలి విశ్వాసులకు ఆశ్రయమిచ్చినవాడు హబషా దేశపు క్రైస్తవ రాజు నజాషీ. మన హిజ్రీ శకమే ఒక వలసతో మొదలైంది. ఆ శకపు తొలి మాసమైన ముహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా వద్ద కులమతాలు అడగకుండా రొట్టెలు మార్చుకుంటున్నాం. గాజా కోసం, రోహింగ్యాల కోసం గొంతెత్తుతున్నాం, ఎత్తవలసిందే. కాని రొయ్యల గుంట గట్టుమీది యానాది కుటుంబానికి ఒక కార్డు ఇప్పించడానికి మనలో ఎందరు మండల కార్యాలయం మెట్లెక్కాం? పేరు లేనివారి పక్షాన నిలబడటం ధర్మమైతే, ఆ ధర్మం మన సమాజపు గడపదగ్గర ఆగిపోరాదు.

అందుకే మన కోరికలు స్పష్టంగా ఉండాలి. సామూహిక హత్యాకాండ జరుగుతున్న చోట వీటోకు తావుండరాదు. ఆకలికి అన్నం పెట్టే సంస్థలకు దయాభిక్ష కాక నిర్ణీత చందా ఉండాలి. భారతదేశం శరణార్థుల చట్టం చేయాలి, ఒడంబడికపై సంతకం పెట్టాలి. మన తీరంలో విపత్తు సాయం కార్డును కాక మనిషిని చూసి అందాలి. ఈ నాలుగింటిలో చివరిది సాధించడానికి న్యూయార్కు అనుమతి అక్కరలేదు. వచ్చే నవంబరులోగా మొదలుపెట్టవచ్చు.