రోడ్డున పడ్డ కూలీకి పరిహారం భిక్ష కాదు, హక్కు

మిరప కోతలు మొదలయ్యాయంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల రోడ్ల మీద తెల్లవారకముందే కూలి జనం కదులుతారు. ట్రాక్టరు తొట్లలో, ఆటోల్లో కిక్కిరిసి కొందరు, ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురేసి కొందరు. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. 2023 మేలో పొందుగల దగ్గర కూలీల ఆటో ప్రమాదానికి గురైంది. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టరు బోల్తాపడి నలుగురు మహిళా కూలీలు చనిపోయారు. ఇవి పత్రికలకెక్కినవి. మోటారు సైకిలు మీద పోతూ ఒక్కొక్కరుగా కాళ్లు చేతులు విరిగినవాళ్ల సంగతి ఏ పత్రికకూ ఎక్కదు.

చచ్చిపోయినవారికి మంత్రులు ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. బతికి బయటపడి, ఇక వంగి కాయ కోయలేని మనిషిని ఎవరడుగుతున్నారు? ఆస్పత్రి ఖర్చుకు ఉన్న మేకలు, చెవుల కమ్మలు అమ్ముడుపోతాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మిగులుతుంది.

ఇక్కడే ఊరి పెద్దలు రంగంలోకి దిగుతారు. "కేసెందుకురా, బండి మనవాళ్లదే, మందుల ఖర్చు ఇప్పిస్తాం" అంటారు. పదివేలో ఇరవైవేలో చేతిలో పెట్టి కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. కేసు పెడితే బండి యజమాని ఇల్లు గుల్లవుతుందన్న భయం ఒకటి పెడతారు. బండికి బీమా ఉంటే పరిహారం కట్టేది బీమా కంపెనీ. పోలీసు కేసు లేకుండా చేస్తే లాభపడేదీ ఆ కంపెనీయే, నష్టపోయేది కూలీ. ఈ మాట ప్రతి పల్లెలో చెప్పాలి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గాయపడిన మనిషి ప్రమాదం జరిగిన చోటే కాదు, తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనూ దావా వేసుకోవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు నుంచి మిర్చి కోతకు వచ్చిన వలస కూలీ గుంటూరు కోర్టు చుట్టూ తిరగనక్కరలేదు. 2022 నాటి నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపుతున్నారో లేదో అడగవలసింది మనమే.

గడువు సంగతి మరవరాదు. దావాకు గడువు లేకుండా 1994లో చేసిన మేలును 2019 సవరణ తీసేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది. ఆరు నెలలంటే విరిగిన తొడ ఎముక అతుక్కోవడానికే చాలదు. మంచంలో ఉన్నవాడు కోర్టుకెలా పోతాడు? దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసినవారున్నారు. గడువు దాటినవారు కూడా వకీలును అడగకుండా ఆశ వదులుకోవద్దు.

బీమా కంపెనీల సాకులకు అంతులేదు. ముగ్గురెక్కారు గనుక తప్పు మీదేనంటారు. ముగ్గురెక్కినంత మాత్రాన ప్రమాదానికి బాధ్యులు కారని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం కాగితం ఏదంటారు. కూలీ దగ్గర కాగితం ఉండదని, న్యాయంగా ఆదాయం లెక్కకట్టాలని 2011లో ఒక కూలీ కేసులోనే తేల్చింది. అయితే ఒక మెలిక ఉంది. మన బండి దానంతటదే పడిపోతే, చవక థర్డ్ పార్టీ పాలసీ వెనక కూర్చున్నవాడికి వర్తించదు, ప్యాకేజీ పాలసీ అయితే వర్తిస్తుంది. ఎదుటి బండి గుద్దితే ఆ బండి బీమా కట్టాలి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా చావుకు 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి. దానికి రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాలి.

అసలు మోసం అంగవైకల్యం లెక్కలో ఉంది. 30 ఏళ్ల మహిళా కూలీకి నెలకు 12,000 ఆదాయం కట్టారనుకుందాం. ఏడాదికి 1,44,000. ఆ వయసుకు సుప్రీంకోర్టు పట్టిక ప్రకారం 17తో హెచ్చిస్తే 24,48,000. డాక్టరు కాలికి 40 శాతం రాశాడని కంపెనీ 9,79,200 చాలంటుంది. గుమాస్తాకు కాలు పోతే కుర్చీలో కూర్చుని రాసుకోగలడు, కూలీకి కాలు పోతే బతుకుదెరువే పోతుంది. పోయిన అవయవం కాదు, పోయిన సంపాదన చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సంపాదన 80 శాతం పోయిందని రుజువైతే అదే లెక్క 19,58,400 అవుతుంది. తప్పెవరిదని చూడకుండా ఇచ్చే రెండున్నర లక్షలకు తొందరపడి సంతకం పెడితే ఈ పెద్ద దావా రద్దవుతుంది, జాగ్రత్త.

ట్రాక్టరు తొట్టిలో పోయేవారి గతి మరీ అన్యాయం. తొట్టి సరుకుకేగాని మనుషులకు కాదని కంపెనీలు తప్పుకుంటాయి, తీర్పులూ ఎక్కువగా అటే ఉన్నాయి. మిరపకాయకు బీమా ఉండి కోసే చేతికి లేకపోవడం ఏ న్యాయం?

వకీలు ఫీజుకు భయపడి దళారి చేతికి చిక్కొద్దు. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, దళితులకు, గిరిజనులకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇవ్వాలి. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీపడితే దాని మీద అప్పీలు లేదు, కనుక లెక్క తెలుసుకోకుండా తల ఊపొద్దు.

మా డిమాండ్లు స్పష్టం. ఆరు నెలల గడువు రద్దు చేయాలి. ట్రాక్టరు బీమాలో కూలీలను తప్పనిసరిగా చేర్చాలి. పత్తి తీతలు, మిరప కోతల కాలంలో కూలీల రూట్లలో బస్సులు నడపాలి. ఈలోగా ప్రతి గ్రామ శాఖా ఒక పని చేయాలి. ప్రమాదం జరిగిన రోజునే ఇద్దరు కార్యకర్తలు స్టేషనుకు పోయి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవాలి, బండి నంబరు, పాలసీ వివరాలు రాసుకోవాలి, ఆస్పత్రి కాగితాలు, మందుల బిల్లులు ఒక్కటీ పారేయకుండా దాచాలి. ఒంటరి కూలీని కంపెనీ ఏళ్ల తరబడి తిప్పగలదు. వెనక సంఘం ఉన్న కూలీని తిప్పడం అంత తేలిక కాదు.