ఇల్లు – వాకిలి: పెరట్లో పందికొక్కు

ఇంగ్లీషువాళ్ళు తీసుకున్న తెలుగు మాటల్లో పందికొక్కు ఒకటి. వాళ్ళ నోట అది "బాండికూట్" అయింది. ఆస్ట్రేలియాలో కడుపు దగ్గర సంచీవున్న వేరే జంతువులకు కూడా ఆ పేరే పెట్టారు. మాట అంత దూరం వెళ్ళిందిగాని, జంతువు మాత్రం మన పెరడు వదలలేదు! మనం పందికొక్కు అన్నా, పక్కింటి కన్నడంవారు హెగ్గణ అన్నా, గోడకింద తవ్వేది ఒకటే.

అమెరికాలో స్థిరపడిన మనవారికి రకూన్ అనే జంతువుతో యిటువంటి బాధే. అది రాత్రివేళ వచ్చి, ముందుకాళ్ళతో చెత్తడబ్బా మూత తీసి మరీ తింటుంది. అక్కడ చెప్పే మొదటి సలహా, మూత బిగించమనీ, కుక్క తిండి బయట వుంచవద్దనీ. మనకూ అదే మొదటి పాఠం.

1953లో తుంగభద్ర నీళ్ళు వదిలిన తరువాత మన సిరుగుప్ప తాలూకాలో వరి బాగా పెరిగింది. కోతలు కాగానే చేలో తిండి తగ్గుతుంది. యిళ్ళలో వడ్లు, పెరట్లో గడ్డివామి చేరతాయి. పందికొక్కుకు యింకేం కావాలి? కాబట్టి కోతలకు ముందే జాగ్రత్తపడాలి.

రాత్రి యెంగిలి మెతుకులు జలదారిలో పోయకండి. వడ్లబస్తాలను గోడకు ఆనించక, బల్లమీద యెత్తుగా పెట్టండి. కట్టెలమోపులకింద రాళ్ళుపెట్టి అడుగెత్తు లేపండి. జలదారి నోటికి యినుప జల్లెడ బిగించండి. పునాది పక్క బొరియలుంటే సాయంత్రం అన్నిటినీ మట్టితో మూయండి. తెల్లవారి చూస్తే తిరిగి తెరిచినవే కాపురం వున్నవి. బోను అక్కడ పెట్టాలి. కొత్త వస్తువంటే దానికి అనుమానం. అందువల్ల రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టి, కాల్చిన కొబ్బరిముక్కో వుల్లిపాయ పకోడీయో వూరికే తిననివ్వండి. అలవాటు పడ్డాక తలుపు విప్పండి.

ఇక మందు సంగతి. కిందటేడు మా వీధిలో ఒకరు యెలుకల మందు కలిపిన పిండివుండలు పెరట్లో పెట్టారు. పందికొక్కు వాటిని ముట్టలేదు. యెదురింటి కుక్క తిన్నది, తెల్లారేసరికి చచ్చింది. ఆ రెండిళ్ళమధ్య నేటికీ మాటలు లేవు. ఆ వుండ ఏ పసివాడి చేతనో పడితే? జింక్ ఫాస్ఫైడ్ అనే ఆ మందు కడుపులో విషవాయువుగా మారుతుంది. దానికి విరుగుడు లేదు. ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మరీ ప్రమాదం. గోడపక్క బొరియలో వేస్తే ఆ వాయువు పగుళ్ళగుండా పడకగదిలోకి వచ్చి నిద్రలోనే ప్రాణం తీయగలదు. యింటిదగ్గర ఆ పని వద్దేవద్దు.

పందికొక్కు మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. కాళ్ళకు పుండ్లున్నవారు పెరటి బురదలో వట్టికాళ్ళతో తిరగకండి. చచ్చిన పందికొక్కును చేత్తో పట్టుకోకండి.

చివరిగా ఒక మనవి. ఒక్క యిల్లు మాత్రం శుభ్రంగా వుంటే చాలదు. మన పెరట్లో బొరియ మూస్తే అది పక్క పెరట్లో తవ్వుతుంది. నెలకు పిల్లలతో సహా మళ్ళీ మన గోడకే వస్తుంది. అందుచేత వీధివారంతా ఒక ఆదివారం కలిసి, ఒకే సాయంత్రం అన్ని పెరళ్ళలో బొరియలు మూయండి. ఆ కుక్క సంగతిలో అలిగినవారిని కూడా పిలవండి. పందికొక్కు పేరనైనా మాట కలుస్తుందేమో!