జీతాల రిజిస్టరులో పదో పేరు

బేకరీ గానీ, టైలరింగ్ యూనిట్ గానీ, మెకానిక్ షెడ్డు గానీ ఇద్దరు ముగ్గురు పనివారితో మొదలైనప్పుడు జీతాల లెక్క యజమాని జ్ఞాపకంలోనే ఉంటుంది. అడ్వాన్సు ఎంత, నాగాలు ఎన్ని అన్నది నోటిమాటతోనే తేలిపోతుంది. వ్యాపారం పెరిగాక ఆ పద్ధతి సాగదు. సాధారణంగా పనివారు పదిమంది అయితే ఈఎస్ఐ, ఇరవైమంది అయితే ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తాయి. నెలకు 21,000 రూపాయలకు మించని జీతంపై ఈఎస్ఐకి యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లించాలి. ఆ సొమ్ము మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి.

ఈ భారానికి జడిసి పదో మనిషి పేరు రాయని యజమానులున్నారు. పుస్తకంలో పేరు లేని ఆ కార్మికుడు యంత్రంలో చేయి నలిగిన నాడు ఏ ఆధారంతో వైద్యం అడగాలి? మన హక్కులను ప్రభుత్వం గుర్తించాలని కోరే మనమే మన దుకాణంలోని కార్మికుని హక్కును కాగితంపై గుర్తించకపోవడం న్యాయమా?

మొదటి పనివాడు చేరిన నాటినుంచే హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, పే స్లిప్పు, బ్యాంకు ద్వారా చెల్లింపు అలవాటు చేసుకోవాలని మేము యజమానులకు విజ్ఞప్తి చేస్తున్నాము. జీతంలో కోసుకున్న వాటాను జమ చేయకుండా వాడుకోవడం నేరమని మరువరాదు. కార్మికులు సైతం తమ ఖాతాలో సొమ్ము పడుతున్నదో లేదో నెలనెలా చూసుకోవాలి, పడకపోతే అడగాలి.