వార్డెన్ సస్పెండైతే పప్పు చిక్కబడిందా?

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. కోపం వస్తే కింద తిట్టండి, కానీ చదివాకే తిట్టండి.

మన హాస్టళ్లలో ఏటా ఒకటే తంతు. పప్పు నీళ్లలా ఉందని ప్లేట్లు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంటాం. నాలుగు సంఘాల వాళ్లు నాలుగు బ్యానర్లతో వస్తారు. ఐటీడీఏ ఆఫీసులో నాలుగు వినతిపత్రాలు ఇస్తారు. నాలుగింట్లోనూ ఉండేది ఒకటే విషయం, కింద పేర్లే వేరు. జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. పెద్ద సారు జీపు దిగి, వంటగది చూసి, వార్డెన్ని సస్పెండ్ చేస్తారు. మనం చప్పట్లు కొట్టి లోపలికి పోతాం. వారం రోజులు పప్పు బాగుంటుంది. ఆ తర్వాత కొత్త వార్డెన్, పాత పప్పు.

ఎందుకిలా జరుగుతోందని మనం ఒక్కసారైనా కూర్చుని ఆలోచించామా?

పోయినేడు మా హాస్టల్‌కి దుప్పట్లు ఫిబ్రవరి నెలాఖరులో వచ్చాయి. ఏజెన్సీలో చలి ఏ నెలల్లో ఉంటుందో మా ఊళ్లో మేకలు కాసే పిల్లోణ్ని అడిగినా చెప్తాడు. పొగమంచులో వణికినన్నాళ్లూ దుప్పటి లేదు. వచ్చింది కూడా రెండు ఉతుకులకే జల్లెడైపోయింది. మేమంతా వెళ్లి వార్డెన్ సార్‌ని నిలదీశాం. ఆయన స్టాక్ రిజిస్టరు తెరిచి మా ముందు పెట్టారు. "ఇన్ని వచ్చాయి, సంతకం పెట్టి దించుకోమన్నారు, దించుకున్నాను. కొన్నది నేను కాదురా" అన్నారు. ఆ రోజు మేం నమ్మలేదు. ఇప్పుడనిపిస్తోంది, ఆయన సగం నిజం చెప్పారని. మిగతా సగం ఏంటంటే, సరుకు బాగోలేదని అదే రిజిస్టర్లో రాసి వెనక్కి పంపొచ్చు. ఆయన పంపలేదు. పంపితే తన వెనక నిలబడేవాళ్లు ఎవరూ లేరని ఆయనకి తెలుసు. మేం కూడా నిలబడేవాళ్లం కాదు, నిజం చెప్పాలంటే.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. దోపిడీ వంటగదిలో మొదలవదు, కొనుగోలు కాగితం మీద మొదలవుతుంది. ఎలాగో చూడండి. పెద్ద మొత్తం అయితే టెండర్ పిలవాలి కాబట్టి, దాన్ని ముక్కలు చేసి చిన్న చిన్న కొనుగోళ్లుగా చూపిస్తారు. టెండర్ పిలిచినా, ఇంత టర్నోవర్ ఉండాలి, ఇన్నేళ్ల అనుభవం ఉండాలి అని షరతులు పెడతారు. ఆ షరతులకు సరిపోయేవాడు ముందే తెలిసినవాడు అయ్యుంటాడు. గడువు నాలుగు రోజులే ఇస్తారు. మూడు కొటేషన్లు వస్తాయి, మూడూ ఒకే చేతిరాత. ఈసారి నీకు, వచ్చేసారి నాకు అని వ్యాపారులు ముందే పంచుకుంటారు. దీన్నే మనవాళ్లు రింగ్ అంటారు. అందరికన్నా తక్కువ ధరకు పాడుకున్నవాడు నష్టపోతాడా? పోడు. నాణ్యతలో కోస్తాడు, తూకంలో కోస్తాడు. బిల్లు పాస్ కావడానికి ఎవరికి ఎంత ఇవ్వాలో అది కూడా మన పప్పులోంచే తీస్తాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 200 మంది ఉన్న హాస్టల్లో మనిషికి రోజుకి 15 గ్రాముల కందిపప్పు తగ్గిందనుకోండి. ప్లేటులో చూస్తే ఎవరికీ తెలీదు. రోజుకి 3 కిలోలు. నెలకి 90 కిలోలు. పది నెలలకి 9 క్వింటాళ్లు. ఇది ఒక్క హాస్టల్, ఒక్క సరుకు. గుడ్డు సైజు, నూనె, సబ్బు, నోటుబుక్కు, ట్రంకు పెట్టె రేకు మందం, ఇవన్నీ మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు మన సంగతి మాట్లాడుకుందాం. తిట్టుకుందాం అన్నా తప్పులేదు. సరుకు ఇచ్చేవాడు, బిల్లు రాసేవాడు, సంతకం పెట్టేవాడు, పైనుంచి ఫోన్ చేసేవాడు, వీళ్లది కులం ఒకటి కాదు, పార్టీ ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. అయినా ఏడాది పొడవునా కలిసే ఉంటారు. మనం మాత్రం బ్యానర్లో ఎవరి పేరు ముందుండాలో తేల్చుకోలేక విడిపోతాం. వాళ్లకి డబ్బు ఉండటం కాదు మన కష్టం. వాళ్లకి పొత్తు ఉంది, మనకి లేదు.

ఆ పొత్తులోకి ఎవరెవరు రావాలో చెప్తాం. కొందరి పేరు వింటే మీకు నచ్చదు.

మొదట మన వంట అక్కలు. ఏ మూట ఎన్ని కిలోలు తక్కువ దిగిందో, ఏ పప్పు ఎంతసేపటికీ ఉడకదో వాళ్లకి తెలిసినంత ఏ ఆఫీసరుకీ తెలీదు. పని పోతుందన్న భయంతో నోరు విప్పరు. మన ధర్నాలో వాళ్లనే "దొంగలు" అని అరిచిన రోజులున్నాయి. అది మన తప్పు.

రెండు, మన అమ్మానాన్నలు, మన రైతులు. పాడేరు వైపు పసుపు పండుతుంది, చింతపల్లి వైపు రాజ్మా పండుతుంది, మన మెట్టల్లో చోళ్లు, సామలు పండుతాయి. సంతలో దళారీ చెప్పిన రేటుకి అమ్ముకుని వస్తారు. గిరిజనుల పంటకి గిట్టుబాటు ధర, గిరిజనులకి సరుకులు అందాలనే కదా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టింది. కొండమీద పండింది కొండమీద హాస్టల్లో ఎంత వండుతున్నారు అని అడిగే హక్కు మన నాన్నలకి లేదా? పిల్లల ప్లేటు, తండ్రి పంట ఒకే డిమాండ్లో ఉంటే ఆ బలం వేరు.

మూడు, ఎస్సీ, బీసీ హాస్టళ్ల విద్యార్థులు. వాళ్ల పప్పు కూడా నీళ్లే.

నాలుగు, టెండర్ రాని చిన్న వ్యాపారులు. ఐదు, నిజాయితీగా ఉండాలనుకుని ఒంటరిగా మిగిలిపోయిన వార్డెన్లు, గుమస్తాలు, ఆఫీసర్లు.

ఇక్కడే చాలామంది లేస్తారని మాకు తెలుసు. "షాపువాళ్లా? గిరిజనేతరులా? 1/70 చట్టం ఉండగానే మన భూములు లాక్కున్నోళ్లతో మనకి పొత్తా?" అని. మాకూ ఆ మంట ఉంది. మా తాతల పొలాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో మేం మర్చిపోలేదు. కానీ 1997లో సమత తీర్పు ఎలా వచ్చింది? మన పల్లెల జనం, వాళ్లతో పనిచేసిన స్వచ్ఛంద సంస్థ, వాదించిన లాయర్లు, అందరూ కలిస్తేనే సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగాం. కలిసింది ఒక్క విషయం మీద. ఇక్కడా అంతే. టెండర్లో మోసం ఎలా జరిగిందో ఓడిపోయిన వ్యాపారికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అతను లాభం కోసమే వస్తాడు, రానివ్వండి. టెండర్ కాగితాలు బయటపడాలి అనే ఒక్క మాట మీద అతనితో కలుద్దాం. భూమి విషయంలో మన మాట మనదే, అక్కడ బేరం లేదు.

ఇది కలలాంటి మాట కాదు. ఫిలిప్పీన్స్‌లో బడి పుస్తకాల కొనుగోళ్లలో ఇంతకన్నా ఘోరం జరిగేది. 2003లో అక్కడ కొత్త కొనుగోళ్ల చట్టం వచ్చింది. టెండర్ కమిటీలో ప్రజాసంఘాల నుంచి పరిశీలకులు కూర్చోవాలని అందులో రాశారు. అదే ఏడాది ఒక యూనివర్సిటీలోని జీ-వాచ్ అనే బృందం, విద్యాశాఖతో కలిసి పుస్తకాల లెక్కింపు మొదలుపెట్టింది. లెక్కపెట్టింది ఎవరనుకున్నారు? స్కౌట్ పిల్లలు, తల్లిదండ్రులు, స్వచ్ఛంద కార్యకర్తలు. లారీ దిగగానే ఎన్ని వచ్చాయి, అతుకు ఊడిందా, పేజీలు ఉన్నాయా అని చూశారు. రోడ్డు సరిగ్గా లేని బడులకి శీతల పానీయాల కంపెనీ తన బండ్లలో పుస్తకాలు చేర్చింది. 1999లో 80 నుంచి 120 పెసోలు ఉన్న పుస్తకం కొన్నేళ్లలో 30 నుంచి 45 పెసోలకి దిగింది. అయితే అధికారులు మారాక ఆ ఊపు తగ్గింది. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. ఒక మంచి సారు మీద ఆధారపడితే, ఆ సారు ట్రాన్స్‌ఫర్‌తోనే అంతా పోతుంది.

మన దేశంలోనూ ఉంది. 1994లో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు, రైతులు కలిసి జన్ సున్వాయీ పెట్టారు. పంచాయతీ బిల్లులు, మస్టర్లు అందరి ముందు గట్టిగా చదివారు. కట్టని కట్టడాలకి బిల్లులు, చేయని పనికి కూలి బయటపడ్డాయి. ఆ పోరాటమే పెరిగి 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసింది. చదువురాని కూలీలు తెచ్చిన చట్టం అది. డిగ్రీ చదువుతున్న మనం దాన్ని ఎన్నిసార్లు వాడాం?

కాబట్టి ఈసారి రోడ్డెక్కే ముందు ఈ పనులు చేద్దాం.

ప్రతి హాస్టల్లో ఐదుగురు. లారీ వచ్చిన రోజు తూకం దగ్గర నిలబడాలి, రాసుకోవాలి, ఫొటో తీయాలి. అన్ని హాస్టళ్లూ ఒకే నమూనా కాగితం వాడాలి. ఒక్క హాస్టల్ లెక్కని "పొరపాటు" అనొచ్చు. ముప్పై హాస్టళ్ల లెక్కని అలా అనలేరు.

సమాచార హక్కు కింద టెండర్ ప్రకటన, వచ్చిన బిడ్లు, సరఫరా ఒప్పందం, బిల్లుల కాపీలు అడగాలి. కాగితాలే కాదు, ఆ చట్టం 2(జె) ప్రకారం సరుకు నమూనా కూడా ధృవీకరించి ఇమ్మని అడగొచ్చు. గుప్పెడు పప్పు, ఒక దుప్పటి! మండల స్థాయి ఆఫీసులో ఫీజు 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు. దరఖాస్తు ఒక్కరి పేరుతో వద్దు, ఇరవై మంది ఇరవై దరఖాస్తులు పెడదాం. ఎవర్ని బెదిరిస్తారు?

వచ్చిన కాగితాలు గ్రామసభలో చదువుదాం. 1996 పెసా చట్టం మన గ్రామసభలకి, పంచాయతీలకి సామాజిక రంగ సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద అజమాయిషీ ఇవ్వాలని చెప్పింది. అది కాగితం మీదే ఉండిపోవడానికి మనమూ కారణం.

ఇక డిమాండ్ ఒక్కటే వినతిపత్రంలో, అన్ని సంఘాల సంతకాలతో. కొనుగోలు కమిటీల్లో విద్యార్థులు, తల్లిదండ్రుల పరిశీలకులు ఉండాలి. ప్రతి హాస్టల్ గోడ మీద మెనూ బోర్డు పక్కనే సరఫరాదారు పేరు, ధర, పరిమాణం రాయాలి. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో టెండర్ల పారదర్శకతకి చట్టాలు చేసుకున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చిన్న హాస్టల్ కొనుగోలు దాకా వర్తించే గట్టి చట్టం కావాలి. చట్టం ఉన్నచోట దొంగలు లేరని మేం అనట్లేదు. అడిగేవాడి చేతిలో ఒక కర్ర ఉంటుంది, అంతే.

సంఘాల పెద్దన్నలకి చివరిగా ఒక మాట. మీ బ్యానర్ మాకు ఇష్టమే. కానీ మా చెల్లెళ్లు ఈ ఏడాది ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతిలో చేరారు. వాళ్లు డిగ్రీకి వచ్చేసరికి కూడా ఇదే ధర్నా, ఇదే ఫొటో, ఇదే సస్పెన్షన్ అయితే మనం చదివిన చదువెందుకు? వచ్చే చలికాలం దుప్పట్ల కొనుగోలు కాగితాలు ఇప్పుడే ఎక్కడో టేబుల్ మీద తయారవుతుంటాయి. మన పని అక్కడ మొదలవ్వాలి.

మీ హాస్టల్ నుంచి ఆ ఐదుగురు ఎవరో కింద రాయండి. సంఘం పేరు వద్దు, హాస్టల్ ఊరు పేరు చాలు.

జై ఆదివాసీ!