రాజీనామా వద్దు, మూడు నెలల విరామం కావాలి



ఫలక్‌నుమా, జంగంమెట్, ఇంజన్‌బౌలి, ఉప్పుగూడ బస్తీల్లో నలభై దాటిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఉద్యోగాలు మానేస్తున్నారు. ప్రైవేటు బళ్లలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లు, నర్సింగ్ హోముల్లో నైట్ డ్యూటీలు చేసినవాళ్లు, తెల్లారకముందే వంట ముగించి ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ దాకా పోయి వచ్చినవాళ్లు. ఎందుకు మానేశావని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ఒంట్లో ఓపిక లేదు." ఆ మాట విని ఇంట్లోవాళ్లు థైరాయిడ్ టెస్టు చేయిస్తారు. యాజమాన్యం రిలీవింగ్ లెటర్ చేతిలో పెడుతుంది. మళ్లీ ఓపిక వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. సర్వీసు పోతుంది, ఆమె కొత్తగా చేరిన పిల్లల జీతానికి మళ్లీ మొదటి నుంచి చేరాలి.

మేము అడుగుతున్నది ఇదీ: అలసిపోయిన మనిషితో రాజీనామా రాయించుకోకండి. మూడు నెలలు విరామం ఇవ్వండి. తిరిగి వచ్చాక అదే పని, అదే సర్వీసు ఉండాలి.

ఈ అలసట ఒట్టి బద్ధకం కాదు. బర్నౌట్ అంటే పనిచేసే చోట చాలాకాలం ఒత్తిడి పేరుకుపోయి, దాన్ని ఎవరూ పట్టించుకోకపోతే వచ్చే స్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఒంట్లో సత్తువ అడుగంటడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం దాని లక్షణాలు. దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, ఉద్యోగం వల్ల వచ్చే సమస్యగానే రాసింది. ఉద్యోగం వల్ల వచ్చింది కాబట్టి బాధ్యత ఉద్యోగం ఇచ్చినవాళ్లకూ ఉంటుంది. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

మన దగ్గర దీనికి ఇంటిపని తోడవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. సాయంత్రం ఫలక్‌నుమా స్టేషన్‌లో బండి దిగాక కాసేపు ఆగి చూడండి. అందరూ బయటికి పోతుంటే ఒకరిద్దరు ఆడవాళ్లు ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటారు. ఫోన్ చూడరు, ఎవరితోనూ మాట్లాడరు. టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంటారు. అడిగితే ఒకామె చెప్పింది: "ఇంటికి పోతే పొయ్యి కాడికే కదక్కా. ఈ పది నిమిషాలే నావి." ఇరవై నాలుగు గంటల్లో పది నిమిషాలు!

2023 డిసెంబరు 9 నుంచి మనకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. 2024లో మహిళా దినోత్సవం రోజునే పాతబస్తీ మెట్రోకు ఫారూఖ్‌నగర్‌లో శంకుస్థాపన చేశారు. రెండూ మంచివే, కాదనం. కానీ 2025 జూలైలో ఇదే తెలంగాణలో వాణిజ్య సంస్థలు రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో వచ్చింది. వారానికి 48 గంటలు దాటకూడదని షరతు పెట్టారు, సరే. ఆ పది గంటలు అయ్యాక ఇంట్లో మొదలయ్యే గంటలు ఏ జీవోలో ఉన్నాయి?

ఇంకో సంగతి సిగ్గుపడకుండా చెప్పుకోవాలి. మన దేశంలో ఆడవాళ్లకు సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగిపోతాయి. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే రాత్రిళ్లు చెమటలు, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, ఊరికే ఏడుపు రావడం మొదలవుతాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి మరీ దారుణం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ బాధలు వయసు రాకముందే మీద పడతాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఇంట్లో కూతురి పెళ్లి, అత్తగారి మోకాళ్లు, ఆఫీసులో పెద్ద బాధ్యతలు. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం మంగళవారాల్లో నడిచే ఆరోగ్య మహిళ క్లినిక్కులు మొదలుపెట్టినప్పుడు మెనోపాజ్ సమస్యలకూ చికిత్స ఉంటుందన్నారు. అయితే మంగళవారం పగటిపూట డ్యూటీలో ఉండే ఆడది అక్కడికి ఎలా పోతుంది? మా బస్తీ దవాఖానాల్లో వారానికి ఒక్కరోజైనా రాత్రి ఎనిమిది దాకా ఆడ డాక్టరును ఉంచాలి.

ఇక విరామానికి డబ్బు ఎవరిస్తారంటారు. దారి ఇప్పటికే ఉంది. పది మంది, ఆ పైన పనిచేసే సంస్థల్లో నెల జీతం 21,000 దాటనివాళ్ల కోసం ఈఎస్ఐ బీమా ఉంది. ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఆ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదన్న రక్షణ 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనే పెట్టారు. 91 రోజులంటే మూడు నెలలు. కావలసినవి రెండే. మా బస్తీల్లోని ప్రతి బడీ, ప్రతి నర్సింగ్ హోమూ తమ దగ్గర పనిచేసేవాళ్లను అందులో చేర్చాలి. పనివల్ల వచ్చిన ఈ నీరసానికి కూడా ఈఎస్ఐ డాక్టర్లు సర్టిఫికెట్ ఇచ్చేలా ప్రభుత్వం ఆదేశాలివ్వాలి. 21,000 దాటినవాళ్లకు యాజమాన్యమే సెలవు ఇవ్వాలి.

మూడు నెలలు క్లాసు ఎవరు చెబుతారని యాజమాన్యాలు అడుగుతాయి. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేసినప్పుడూ ఇదే అడిగారు. బళ్లు నడుస్తూనే ఉన్నాయి.

ఇంట్లో కూర్చుని కార్‌చోబ్ మీద జర్దోజీ కుట్టే ఆపాలకు, లక్క గాజులకు రాళ్లు అతికే అక్కలకు ఈఎస్ఐ లేదు, యజమానే కనబడడు. వాళ్లను వదిలేసి మాట్లాడటం మాకు ఇష్టం లేదు. పొదుపు సంఘంలో ఉన్న సభ్యురాలు మంచాన పడితే మూడు నెలలు లోన్ కిస్తీ వాయిదా వేసేలా బ్యాంకుతో సంఘాలే మాట్లాడాలి. తలా కొంత సర్దుకుంటే సంఘంలోనే మొదలుపెట్టొచ్చు.

మన లెక్కలూ మారాలి. మాకు తెలిసిన ఒక టీచరక్క వైస్ ప్రిన్సిపాల్ అయింది. కుక్కర్ పక్కన పేపర్ల కట్టలు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దేది, విజిళ్లు లెక్కపెట్టడం మరిచిపోయి పప్పు మాడిపోయేది. ఒకరోజు క్లాసులో నిలబడి పాఠం ఎక్కడ ఆపిందో గుర్తురాక కూలబడింది. కోలుకున్నాక పదవి వద్దని నాలుగో తరగతి అడిగి తీసుకుంది. జీతం తగ్గింది. బంధువులు "ఎందుకిట్ల దిగజారినవ్" అన్నారు. ఆమె మాత్రం "ఇప్పుడు పిల్లల పేర్లన్నీ యాదికుంటున్నయ్" అంటోంది. మాకు ఆమే గెలిచిన మనిషి. "రెండు చేతులా నెట్టుకొస్తోంది" అని మనం మెచ్చుకునే ప్రతి ఆడదాన్నీ ఆ మెచ్చుకోలే ఇంకొంచెం నలుపుతోంది. ఇంట్లో అన్నలూ, కొడుకులూ, పొయ్యి దగ్గరికి రండి.

ఈ నెల జీతం చీటీ తీసి చూడండి. ఈఎస్ఐ కింద కోత కనబడకపోతే ఎందుకు లేదో అడగండి. ఒక్కరే పోకండి, నలుగురు కలిసి పొండి. మనసు బాగాలేకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. రాజీనామా రాయాలనుకుంటున్న అక్క మీ గల్లీలో ఉంటే, ఆ కాగితం ఇచ్చేలోపే ఈ కరపత్రం ఆమె చేతికి అందించండి.

ఇట్లు,
ఫలక్‌నుమా చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తున్న, చేసి మానేసిన కొందరు ఆడవాళ్లం