చౌరస్తా దాటి... ఊరి బాట

గోదావరిఖనిలో పెళ్లి బరాత్ అంటే కిటికీ అద్దాలు అదరాల్సిందే. డీసీఎం వ్యాను మీద మనిషెత్తు సౌండు బాక్సులు, వాటి ముందు పెళ్లికొడుకు దోస్తులు. సెకండ్ షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు కూడా బండి పక్కన ఆపి రెండు స్టెప్పులేసి పోతారు. అంత హోరులోనూ ఒక్కో పాట రాగానే వరస మారుతుంది. అప్పటిదాకా కుర్చీల్లో కూచుని చెవులు మూసుకున్న అమ్మమ్మలు, మేనత్తలు కొంగు నడుముకు చెక్కి దిగుతారు. 2023 నుంచీ అలాంటి పాటల్లో ఒకటి 'చమ్కీల అంగీలేసి'. మొగుడి మీద పెళ్లాం చెప్పే తీపి చాడీల పాట. సింగరేణి గనుల పక్క పల్లె కథగా వచ్చిన 'దసరా' సినిమాలోది. రాసింది కాసర్ల శ్యామ్, బాణీ సంతోష్ నారాయణన్‌ది, ధీతో కలిసి పాడింది రామ్ మిరియాల.

ఈ రామ్ మిరియాల సినిమాల్లో పేరు తెచ్చుకోకముందు ఒక బ్యాండు మనిషి. బ్యాండంటే బాకాలూ డ్రమ్ములతో ఊరేగింపు ముందు నడిచే మేళం కాదు లెండి. గిటార్లు, డ్రమ్సుతో సొంత పాటలు కట్టుకుని వేదికెక్కే హైదరాబాదు కుర్రాళ్ల జట్టు. పేరు 'చౌరస్తా'. యశ్వంత్ నాగ్ వంటి మిత్రులతో కలిసి నడిచింది. ఒకప్పుడు హైదరాబాదులో ఇలాంటి జట్టంటే ఇంగ్లిషు రాక్ పాటల్ని అచ్చుగుద్దినట్టు వాయించడమే గొప్ప. గిటారు ఎంత అరిస్తే అంత ఘనత. ఈ జట్టు ఆ దారి వదిలేసింది. మాట తెలుగు, నడక జమైకా వాళ్ల రెగే. బాబ్ మార్లీ లోకమంతా తిప్పిన ఆ రెగేలో ఒక చమత్కారం ఉంది. తాళం దెబ్బ పడే చోట కాకుండా, రెండు దెబ్బల నడుమ ఖాళీలో గిటారు మీటుతారు. అందుకే వింటే తల దానంతటదే ఊగుతుంది, కాళ్లు మాత్రం తొందరపడవు. ఆ నడక మీద వచ్చిందే 'ఊరెళ్లిపోతా మామా'. పట్నంలో ఇమడలేక ఎర్రబస్సెక్కి ఇంటికి పోదామనుకునేవాడి పాట. ఆ తర్వాత 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాట, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట రామ్‌ను ఇంటింటికీ తెచ్చాయి.

కొందరికి ఇది నచ్చదు. గిటారు పట్టినవాడు నిలదీయాలి గానీ ఊరు గుర్తొస్తోందని కూనిరాగం తీస్తే ఎట్లా అంటారు. బొగ్గుబాయిల నేల మీద ఈ మాటకు బరువు ఎక్కువ. ఇక్కడ పాటంటే గేటు మీటింగు, పాటంటే సమ్మె. గద్దర్ గొంతు విని పెరిగిన కాలనీలివి. 2011 సకల జనుల సమ్మెలో బాయిలు ఆగినప్పుడు శిబిరాల్లో రోజంతా పాటే. గోదావరి అవతల ఇప్పటి మంచిర్యాల జిల్లా లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య 'ఊరు మనదిరా' రాశారు. అక్కడ ఊరంటే దక్కించుకోవలసినది. చౌరస్తా పాటలో ఊరంటే తిరిగి చేరవలసినది. ఆ పిడికిలి పక్కన ఈ కూనిరాగం పలచబడ్డట్టు కనిపించడంలో వింతేం లేదు.

అయితే పలచన, మెత్తన ఒకటి కావు. లండన్ జట్టు 'కింక్స్' సంగతే చూడండి. 1964లో వాళ్ల మొదటి పెద్ద హిట్ 'యూ రియల్లీ గాట్ మీ'. దాని మొరటు ధ్వని కోసం డేవ్ డేవిస్ అనే కుర్రాడు స్పీకరును బ్లేడుతో చీల్చాడు. రాక్ సంగీతంలో గరగరలాడే గిటారుకు తాత లాంటి పాట అది. మరుసటి ఏడు నుంచి నాలుగేళ్ల పాటు అమెరికాలో కచేరీలు చేసే వీల్లేకుండా పోయింది. అన్న రే డేవిస్ కలం ఇంటివైపు తిరిగింది. 1968 నవంబరులో, అందరూ ఇంకా గట్టిగా వాయిస్తున్న రోజుల్లో, వీళ్లు పల్లె పచ్చిక మీద, పాత దుకాణాల మీద, ఆవిరి రైలింజన్ మీద తాపీగా పాటలు కట్టి 'విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ' అని రికార్డు వేశారు. బ్రిటన్‌లో అదే రోజు బీటిల్స్ వాళ్ల తెల్ల అట్ట ఆల్బమ్ వచ్చింది. ఇంకేముంది, కింక్స్‌ది చార్టుల్లో అడుగే పెట్టలేదు. ఇప్పుడు మాత్రం వాళ్ల పనిలో గొప్పదేదంటే చాలామంది దాన్నే చూపిస్తారు.

అసలు విషయం 1971లో వచ్చిన 'మస్వెల్ హిల్‌బిల్లీస్'లో ఉంది. నగరం నడిమధ్య పాత ఇళ్లు కూల్చి, జనాన్ని కొత్త కాలనీలకు తరలించిన రోజుల పాటలవి. వినడానికి చాయ్ కప్పుతో సరిపోయే పాటలు, లోపల ఇల్లు పోయినవాళ్ల గోడు. బెంగను నవ్వుతో చెప్పాడు కాబట్టి తగ్గించి చెప్పినట్టా?

ఆ పాటల అర్థం లండన్ వాళ్ల కంటే రామగుండం వాళ్లకే తొందరగా తెలుస్తుందేమో. సింగరేణి బొగ్గు మొదట్లో నిజాం రైలింజన్లకే ఎక్కువ పోయేది. ఇంజన్లు మారాయి, బాయిలూ మారాయి. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. భూమి కింది బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. మనుషులు చేసే పని షావెళ్లు, డంపర్లు చేస్తాయి. ఇళ్లు, పొలాలు, గుళ్లు క్వారీలో కలిసిన ఊళ్లూ ఉన్నాయి. క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్లలకు ఊరంటే ఆ వరస ఇళ్లు, ఆ వేపచెట్టు, షిఫ్టు సైరనే. నాన్న రిటైరైతే ఆ ఊరూ ఖాళీ చేయాల్సిందే.

చౌరస్తా పాటలో ఒక లోటుందంటే అది ఇక్కడే. బస్సెక్కితే ఊరు అక్కడే ఉంటుందన్న ధీమా ఆ పాటది. ఇంకో భయమూ ఉంది. సినిమా వాళ్లకు ఈ రుచి మరిగితే ఊరంటే లుంగీ, కల్లు సీసా, ఓ తప్పెట దరువు అనుకునే ప్రమాదం పొంచే ఉంది. ఇప్పటికే కొన్ని పాటల్లో ఊరు పెళ్లి పందిరిలో ప్లాస్టిక్ పూల లాగే కనిపిస్తోంది. రామ్ గొంతు మటుకు ఇంకా ఆ దండలో చేరలేదు. సాగదీయకుండా, పక్కింటాయన అరుగు మీద కూచుని మాట్లాడుతున్నట్టు పాడతాడు. వినేవాళ్లకు ఎవరి ఊరు వాళ్లకు గుర్తొచ్చేంత చోటు పాటలో వదిలేస్తాడు.

ఆ చోటులోకి ఖని పెద్దమనుషులు సులువుగానే వచ్చి కూచుంటారు. పాట మోగుతుంటే "తాతా, మన ఊరెక్కడ?" అని మనవడు అడుగుతాడు. "గదిగో బిడ్డా, ఆ మట్టిగుట్ట కనబడుతలేదా? దానికి ఇవతల చెరువుండె. చెరువు కట్ట దిగంగనే మన ఇల్లు" అని తాత చెయ్యి చాపి చూపిస్తాడు. గుట్ట మీద డంపరు మట్టి పోసి వెనక్కి తిరుగుతుంటుంది. పిల్లవాడు కళ్లు చికిలించి ఆ వైపే చూస్తుంటాడు.